గోడమీది కన్ను కూడా అమానతే

మన ఇంటి గోడకు మన సొంత డబ్బుతో బిగించుకున్న కెమెరా. అందులో కనిపించేదంతా చూసే హక్కు మనకు ఉందా? ఈ ప్రశ్న వినగానే చాలామంది, "ఇందులో అడగడానికి ఏముంది? ఇల్లు మాది, కెమెరా మాది, కాపాడుకునే సామాను మాది" అంటారు. కాని షరీఅత్ వెలుగులో ఆలోచిస్తే విషయం అంత తేలికగా తేలదు. ఇల్లు మనదే, కెమెరా మనదే. దాని ముందు నుంచి నడిచిపోయే మనిషి గౌరవం మాత్రం మన ఆస్తి కాదు. అది మన చేతిలో పడిన అమానతు.

హైదరాబాదులో నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వరకు నడుస్తూ ఒకసారి తలెత్తి చూడండి. మెడికల్ షాపు, టిఫిన్ సెంటర్, బ్యాంకు, మసీదు, అపార్ట్‌మెంట్ గేటు... ఎక్కడ చూసినా కెమెరాలే. అక్కడి నుంచి అశోక్‌నగర్ గల్లీలలోకి మళ్ళితే పరిస్థితి మరీ సున్నితం. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, గ్రూప్స్, సివిల్స్ పరీక్షలకు చదువుకునే వేలాది యువతీయువకులు హాస్టళ్ళలో, అద్దె గదుల్లో ఉంటారు. ఒక ఇంటి బాల్కనీకి ఎదురుగానే మరో ఇంటి కిటికీ ఉంటుంది. ఇలాంటి చోట కెమెరా మన గుమ్మాన్ని మాత్రమే చూడాలంటే దాన్ని శ్రద్ధగా అమర్చాలి. ఏదో ఒక మూలన బిగించి వదిలేస్తే అది ఎదుటివారి వంటగదిని కూడా చూస్తుంది.

కాపలా పెట్టుకోవడం తప్పు కాదు

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ప్రాణాన్ని, ధనాన్ని, గౌరవాన్ని కాపాడడం షరీఅత్ లక్ష్యాలలోనివే. ఒంటెను కట్టేయాలా, లేక అల్లాహ్ మీద భారం వేసి వదిలేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టేసి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ). గుమ్మం ముందు కెమెరా పెట్టుకోవడం కూడా ఒంటెను కట్టేయడం లాంటిదే. ఫోటో, వీడియోల విషయంలో ధర్మవేత్తల మధ్య చర్చ ఉన్నమాట నిజమే. అయితే భద్రత అనే నిజమైన అవసరం ఉన్నప్పుడు, అవసరమున్నంత మేరకు దానికి అనుమతి ఉందని అనేకమంది ఉలమాలు చెప్పారు. ఈ వ్యాసంలో మనం చూడవలసింది ఆ "అవసరమున్నంత మేరకు" అన్న మాటనే.

మన నగరంలో ఈ అవసరాన్ని ప్రభుత్వం కూడా గుర్తించింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగాయి. ఆ సంవత్సరమే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను 30 రోజులపాటు భద్రపరచాలని అది నిర్దేశించింది. ఆ తరువాత పోలీసులు "నేను సైతం" అనే పేరుతో, కాలనీవాసులు, వ్యాపారులు తమంతట తాముగా కెమెరాలు పెట్టుకునేలా ప్రోత్సహించారు. 2024 డిసెంబర్ 4 రాత్రి చిక్కడపల్లి పోలీసు స్టేషన్ పరిధిలోని సంధ్య థియేటర్ వద్ద తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ రాత్రి ఏమి జరిగిందన్న విషయంలో ఎవరి వాదన వారు వినిపిస్తున్నప్పుడు, కెమెరాల దృశ్యాలే సాక్ష్యంగా ముందుకు వచ్చాయి. నోరులేని సాక్షికి ఉన్న విలువ ఇది.

గస్తీ వీధి వరకే

కాపలాకు హద్దు ఎక్కడ? దీనికి సహాబాల జీవితాల్లో ఒక చక్కని ఉదాహరణ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు రాత్రివేళ మదీనా వీధుల్లో గస్తీ తిరిగేవారు. ఒక రాత్రి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) కూడా ఆయన వెంట ఉన్నారు. ఒక ఇంట్లో దీపం వెలుగుతోంది. తలుపు మూసి ఉంది. లోపల నుంచి పెద్దగా మాటలు వినిపిస్తున్నాయి. లోపలివాళ్ళు మద్యం తాగుతున్నారని హజ్రత్ ఉమర్ (రజి)కు అనుమానం వచ్చింది. ఏం చేద్దామని తోటివారిని అడిగారు. అల్లాహ్ ఆరా తీయవద్దన్నాడు, మనం ఇప్పుడు చేస్తున్నది అదే కదా అని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ (రజి) గుర్తుచేశారు. అంతే, ఖలీఫా వారిని అలాగే వదిలి వెనుదిరిగారు.

గమనించండి. ఆయన గస్తీ ఆపలేదు. గస్తీ మూసిన తలుపు దగ్గర ఆగిపోయింది. సూరె హుజురాత్‌లో (49:12) అల్లాహ్ విశ్వాసులను మితిమీరిన అనుమానాల నుంచి, ఇతరుల గుట్టు వెదకడం నుంచి, పరోక్ష నింద నుంచి వరుసగా వారించాడు. ఈ వరుసలోనే ఒక హెచ్చరిక ఉంది. అనుమానం ఆరాకు దారితీస్తుంది, ఆరా చాడీగా బయటికి వస్తుంది. నేటి భాషలో చెప్పాలంటే, ముందు అనుమానం, తరువాత కెమెరా, ఆ తరువాత వాట్సాప్.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వద్దకు ఒక వ్యక్తిని గురించి, అతని గడ్డం నుంచి సారా కారుతోందన్న ఫిర్యాదు వచ్చింది. ఆరా తీయవద్దని మమ్మల్ని వారించడం జరిగింది, అయితే ఏదైనా మా ముందు బహిరంగమైతే దాని మీద చర్య తీసుకుంటాం అని ఆయన బదులిచ్చారు (అబూదావూద్). కెమెరా పెట్టేవారికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకదు. వీధిలో బహిరంగంగా జరిగేది కనిపిస్తే కనిపించనివ్వండి. గోడ వెనుక, తెర వెనుక ఉన్నదాన్ని తెచ్చి చూడడానికి కెమెరాను వాడకండి.

"తప్పు చేయనివారికి భయమెందుకు?"

ఇక్కడ కొందరు ఒక వాదన చేస్తారు. "దాచుకోవలసిన పని చేయనివారు కెమెరాకు ఎందుకు భయపడాలి?" అంటారు. పైకి ఇది బలమైన మాటలాగే కనిపిస్తుంది. దీనికి జవాబు మనకు దైవప్రవక్త (స) ఇంటి గుమ్మం దగ్గరే దొరుకుతుంది.

ఒకసారి ఒక వ్యక్తి మహాప్రవక్త (స) ఇంటి తలుపులోని రంధ్రం గుండా లోపలికి తొంగిచూశాడు. ఆ సమయంలో ఆయన (స) దువ్వెన వంటి ఒక సాధనంతో తల గోక్కుంటున్నారు. తొంగిచూసిన సంగతి తెలిసి ఆయన (స) తీవ్రంగా ఆగ్రహించారు. నీవు చూస్తున్నావని తెలిసి ఉంటే దీన్ని నీ కంట్లో పొడిచేవాడినని హెచ్చరించారు. లోపలికి వచ్చేముందు అనుమతి అడగాలన్న నియమం పెట్టిందే చూపు కారణంగా అని స్పష్టం చేశారు (బుఖారి, ముస్లిం).

ఆలోచించండి. లోపల ఏ రహస్యమూ లేదు. ఒక మనిషి తన ఇంట్లో తల గోక్కుంటున్నాడు. ఆ మనిషి సృష్టిలోకెల్లా పవిత్రుడు. దాచవలసిన తప్పు ఆయనలో (స) ఉండే ప్రశ్నే లేదు. అయినా ఆ చూపు అపరాధమే అయింది. అంటే ఏకాంతం తప్పు చేసేవాడు దాక్కునే చాటు కాదన్నమాట. అది ప్రతి మనిషికీ అల్లాహ్ ప్రసాదించిన హక్కు. ఒక ఆడపిల్ల తల ఆరబెట్టుకుంటూ బాల్కనీలో నిలబడడం, ఒక ముసలాయన లుంగీ బనియనుతో మెట్ల మీద కూర్చోవడం, ఎదుటి ఇంటి దంపతులు కిటికీ దగ్గర ఏదో మాట్లాడుకోవడం... వీటిలో ఏదీ పాపం కాదు. అయినా వాటిని చూడడానికి, దాచిపెట్టుకోవడానికి మనకు అనుమతి లేదు. సూరె నూర్‌లో (24:27) ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళేముందు సలాం చేసి అనుమతి అడగాలని ఆదేశించిన ప్రభువు, ఆ వెంటనే (24:30, 31) పురుషులనూ స్త్రీలనూ చూపులు దించుకోమన్నాడు. కాళ్ళు గడప దాటకపోయినా, చూపు దాటితే ప్రవేశం జరిగిపోయినట్లే.

కిటికీల గురించి పూర్వీకుల తీర్పు

కెమెరా కొత్త వస్తువే గాని, సమస్య పాతదే. పూర్వం అది కిటికీ రూపంలో వచ్చేది. ఈజిప్టు తొలి ముస్లిం కాలపు చరిత్రలో ఒక సంఘటన నమోదై ఉంది. అక్కడ హజ్రత్ ఖారిజా బిన్ హుజాఫా (రజి) ఇంటిపై ఒక గది కట్టారు. పొరుగువారి ఇళ్ళలోకి చూడడానికే అలా కట్టారన్న మాట హజ్రత్ ఉమర్ (రజి) దాకా వెళ్ళింది. ఆయన గవర్నరు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు లేఖ రాశారు. ఆ గదిలో ఒక మంచం వేసి, మరీ పొడుగూ పొట్టీ కాని మనిషిని దాని మీద నిలబెట్టి చూడమన్నారు. అక్కడి నుంచి పొరుగిళ్ళు కనిపిస్తే దాన్ని పడగొట్టమన్నారు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కట్టినవారి మనసులో ఏముందో తేల్చమని ఖలీఫా అనలేదు. నిలబడితే ఏం కనిపిస్తుందో చూడమన్నారు. "నా ఉద్దేశం మంచిదే" అన్న మాట అల్లాహ్ దగ్గర మన హృదయానికి పనికిరావచ్చు. పొరుగువాని హక్కు తేలవలసి వచ్చినప్పుడు మాత్రం కొలత చూపుదే.

19వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యంలో హనఫీ ఫిఖ్ ఆధారంగా కూర్చిన "మజల్లా" అనే న్యాయస్మృతి దీన్ని ఇంకా వివరంగా చెప్పింది. వంటగది, బావిగట్టు, లోపలి వాకిలి వంటి స్త్రీలు మసలే చోట్లు పొరుగు కిటికీ నుంచి కనిపించడాన్ని అది తీవ్రమైన హానిగా పరిగణించింది. ఆ హానిని తొలగించమని కిటికీ యజమానిని ఆదేశించాలని చెప్పింది. గోడ కట్టినా సరే, చెక్క తడిక అడ్డుపెట్టినా సరే. కిటికీ పూర్తిగా మూసేయమని మాత్రం బలవంతం చేయలేదు. ఎంత న్యాయమైన మధ్యేమార్గమో చూడండి! గాలి, వెలుతురు ఇతని హక్కు. ఏకాంతం అతని హక్కు. రెండిటినీ ఒక తడిక కాపాడింది.

మన కెమెరాకు తడిక

నేటి నెట్‌వర్క్ కెమెరాలో కూడా ఆ తడిక ఉంది. చాలా కెమెరాల సెట్టింగ్స్‌లో "ప్రైవసీ మాస్క్" అనే సదుపాయం ఉంటుంది. తెర మీద ఎదుటివారి కిటికీ ఉన్న భాగాన్ని వేలితో గుర్తిస్తే అక్కడ నల్లని పట్టీ పడుతుంది. ఆ భాగం రికార్డు కూడా కాదు. కాబట్టి కెమెరా బిగించేవారు ఈ విషయాలు పాటించాలి.

మొదటిది, లెన్సు ఎంపిక. 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు వంద డిగ్రీల వెడల్పున చూస్తుంది. ఇరుకు గల్లీలో అది పక్క ఇళ్ళను కూడా కలుపుకుంటుంది. గుమ్మం, బండి నిలిపే చోటు వరకే కావాలంటే 4 లేక 6 మిల్లీమీటర్ల లెన్సు చాలు. కెమెరాను కిందికి వంచి బిగించాలి. మనం రిమోటుతో ఇటూ అటూ తిప్పగలిగే కెమెరాలు గల్లీకి అవసరం లేదు. తిప్పగలిగిన వస్తువు చేతిలో ఉంటే షైతాను తిప్పిస్తాడు.

రెండవది, హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన మంచం పరీక్ష. బిగించిన తరువాత పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తెర మీద చూడాలి. పగలు చీకటిగా కనిపించే కిటికీ, రాత్రి లోపల లైటు వెలిగాక స్పష్టంగా కనిపిస్తుంది. పొరుగువారిని పిలిచి, "అన్నా, మా కెమెరాలో ఇంతవరకే కనబడుతుంది, ఒకసారి మీరే చూడండి" అని ఫోను చేతికివ్వడం అన్నిటికన్నా మంచిది. ఆ పొరుగువాడు ముస్లిమైనా, హిందువైనా, క్రైస్తవుడైనా పొరుగు హక్కులో తేడా లేదు.

మూడవది, మైకు. చాలా వైఫై కెమెరాలు దృశ్యంతోపాటు మాటలు కూడా పట్టుకుంటాయి. ఇతరులకు ఇష్టం లేకున్నా వారి మాటలు చాటుగా వినేవాని చెవుల్లో ప్రళయదినాన సీసం కరిగించి పోయడం జరుగుతుందని హదీసులో హెచ్చరిక వచ్చింది (బుఖారి). గుమ్మం దగ్గర వచ్చినవారితో మాట్లాడడానికి తప్ప మైకు రికార్డింగును ఆపేసి ఉంచాలి.

తాళం వేయని తలుపు

అమానతులో ఇంకొక భాగం ఉంది. మనం చూడకపోవడమే కాదు, పరాయివాడు చూడకుండా కాపాడడం కూడా మన బాధ్యతే. నెట్‌వర్క్ కెమెరా ఇంటర్నెట్‌కు కలిసి ఉంటుంది. దాని పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే ఉంచితే, అది తాళంచెవి గుమ్మానికే వేలాడదీసిన ఇల్లు.

2016లో "మిరాయి" అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా ఇటువంటి కెమెరాలలో, రౌటర్లలో దూరింది. దాని ఆయుధం పెద్దదేమీ కాదు, కంపెనీలు పెట్టే మామూలు పాస్‌వర్డుల ఒక చిన్న జాబితా. అలా లొంగదీసుకున్న పరికరాలతో ఆ సంవత్సరం అక్టోబరు 21న జరిపిన దాడిలో అమెరికాలో ఎన్నో ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి స్తంభించాయి. యజమానులకు తమ కెమెరా దొంగల చేతిలో ఉందన్న సంగతే తెలియదు. ఇంతకంటే బాధాకరమైన సంఘటన 2025 ఫిబ్రవరిలో మన దేశంలోనే బయటపడింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాలలోకి దుండగులు చొరబడి, వైద్యం కోసం వచ్చిన స్త్రీల దృశ్యాలను ఇంటర్నెట్‌లో అమ్ముకున్నారు. పర్దాలో వచ్చిన సోదరి అయినా, పర్దా లేకుండా వచ్చిన సోదరి అయినా, ఆమె గౌరవం ఆ ఆసుపత్రి చేతిలో అమానతు. పరీక్ష గదిలో కెమెరా ఉండడమే మొదటి ద్రోహం. దానికి సరైన తాళం లేకపోవడం రెండవది.

కాబట్టి పెట్టెలో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి. పేరు, ఫోన్ నంబరు కాకుండా పన్నెండు అక్షరాలకు తక్కువ లేని పాస్‌వర్డు పెట్టండి. ఫోనుకు కోడ్ వచ్చే రెండంచెల తనిఖీ ఉంటే దాన్ని ఆన్ చేయండి. బిగించిన మెకానిక్ తన ఫోనులో మీ కెమెరాను కలుపుకొని ఉంటే, పని కాగానే తీయించండి. కంపెనీ పంపే అప్‌డేట్లను వాయిదా వేయకండి. బయటి నుంచి చూడడం కోసం రౌటర్‌లో "పోర్ట్ ఫార్వర్డింగ్" తెరిచి ఉంచకండి. కొనేటప్పుడు ప్రభుత్వ భద్రతా పరీక్షలో నెగ్గిన మోడలేనా అని అడగండి. సి.సి. కెమెరాలకు ఈ పరీక్ష 2025 ఏప్రిల్ 9 నుంచి తప్పనిసరి. పాత కెమెరాను అమ్మేముందు మెమరీ కార్డు తీసి, దాన్ని మొదటి స్థితికి రీసెట్ చేయండి.

చూసిన తరువాత

కెమెరా సాక్షి అయితే, సాక్షికి ఉండే షరతులు దానికీ వర్తిస్తాయి. తేదీ, సమయం తప్పుగా ఉన్న కెమెరా తెలియక తప్పుడు సాక్ష్యం చెబుతుంది. రాత్రి పదికి వచ్చినవాణ్ణి రెండింటికి వచ్చినట్లు చూపిస్తుంది. గడియారం సరిచేయడం చిన్న పని, ఒక అమాయకుడు బలి కాకుండా ఆపడం పెద్ద పుణ్యం. సూరె యూసుఫ్‌లో చొక్కా వెనుక నుంచి చిరగడాన్ని బట్టి హజ్రత్ యూసుఫ్ (అలై) నిర్దోషిత్వం బయటపడింది. అంటే ఆనవాళ్ళకు విలువ ఉంది. అయితే ఆనవాలును చూసేవాడు న్యాయంగా చూడాలి. ముందూ వెనుకా కత్తిరించిన పది సెకన్ల వీడియో ఆనవాలు కాదు, అపవాదు.

దృశ్యాలు ఎన్ని రోజులు ఉంచాలి? చట్టం కోరే సంస్థలకు 30 రోజులు. ఇంటికైతే వారం, పది రోజులు సాధారణంగా చాలు. ఆ తరువాత వాటంతట అవే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. దొంగతనం జరిగితే ఆ భాగాన్ని పోలీసులకు ఇవ్వాలి. అంతేగాని గల్లీ గ్రూపులో ముఖాలతో సహా పంచడానికి వీల్లేదు. సూరె హుజురాత్ (49:6) వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోమంటుంది, తెలియక ఒక వర్గానికి కీడు తలపెట్టి పశ్చాత్తాపపడే గతి రాకుండా. ఇక అనుకోకుండా ఎవరి బలహీనతైనా కంటపడితే కప్పిపుచ్చడమే విశ్వాసి గుణం. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాలను అల్లాహ్ ఇహపరాలలో కప్పుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (ముస్లిం).

ఇంటి లోపల కెమెరా

కొన్ని ఇళ్ళలో హాలులో, పిల్లల గదిలో కూడా కెమెరాలు పెడుతున్నారు. దుబాయిలో ఉన్న భర్త ఇక్కడి భార్యను ఫోనులో చూస్తుంటాడు. అత్తగారు పనిమనిషిని చూస్తుంటారు. మంచంలో ఉన్న వృద్ధుల కోసమో, పసిబిడ్డ కోసమో, ఇంట్లో అందరికీ తెలిసి పెడితే అది సేవ. అనుమానంతో, తెలియకుండా పెడితే అది తజస్సుస్. ప్రజల లోపాలను వెదుకుతూ పోతే వారిని చెడగొట్టినవాడివి అవుతావని మహాప్రవక్త (స) హజ్రత్ ముఆవియా (రజి)కు చెప్పారు (అబూదావూద్). ఇది కుటుంబ యజమానికీ వర్తిస్తుంది. ఎప్పుడూ కెమెరా కింద పెరిగిన బిడ్డ కెమెరాకు భయపడడం నేర్చుకుంటాడు. అది లేనిచోట ఏం చేయాలో అతనికి తెలియదు. మనం నేర్పవలసింది ఇహ్సాన్. మనం అల్లాహ్‌ను చూడలేకపోయినా ఆయన మనల్ని చూస్తున్నాడన్న ఎరుక అది. దానికి కరెంటు పోదు.

హాస్టళ్ళు నడిపేవారికి మరొక మాట. గేటు, మెట్లు, వంటశాల ద్వారం వరకే కెమెరా ఉండాలి. గదుల తలుపులు తెరిచినప్పుడు లోపల కనిపించేలా వరండాలో పెట్టకూడదు. స్త్రీల ఏకాంతాన్ని చాటుగా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద జైలుశిక్ష పడే నేరం. మసీదు కమిటీలు కూడా వుజూఖానా, స్త్రీల నమాజు స్థలం వైపు కెమెరా తిరిగి లేకుండా చూసుకోవాలి.

ఒకే తూకం

మన నగరంలో పోలీసుల ముఖ గుర్తింపు కెమెరాలపై ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త హైకోర్టుకు వెళ్ళారు. 2021 మే నెలలో లాక్‌డౌన్ వేళ పోలీసులు తనను ఆపి ఫోటో తీయడంతో ఆయన ఈ పోరాటం మొదలుపెట్టారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఏకాంతం ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఈ హక్కు కోసం అడగడం న్యాయమే. అయితే ప్రభుత్వం ముందు మనం కోరే హక్కును మన ఎదుటి ఇంటివారికి ఇస్తున్నామా? తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని సూరె ముతఫ్ఫిఫీన్ హెచ్చరించింది. ఆ తూకం బియ్యానికే కాదు, గౌరవానికి కూడా.

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంటి సొంత అవసరాలకు వాడుకునే సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. అంటే మన గోడమీది కెమెరా దగ్గరికి ఆ చట్టం పెద్దగా రాదు. చట్టం రానిచోటే దైవభీతి అవసరం ఎక్కువ. మన కెమెరా వారం రోజులవి దాచుకుంటుంది. మన భుజాల మీద రాసే దైవదూతల గ్రంథంలో మాత్రం ఏదీ చెరిగిపోదు. ఎవరి వైపు లెన్సు తిప్పామో, ఎవరి దృశ్యం ఎవరికి పంపామో, ఏ కిటికీకి తడిక పెట్టామో, అన్నీ అందులో ఉంటాయి.

కాబట్టి ఈ రోజే ఇంట్లో అందరూ కలిసి కూర్చొని కెమెరా తెరచి చూడండి. కనిపించకూడనిది కనిపిస్తే కోణం మార్చండి. అల్లాహ్ మన ఇళ్ళను కాపాడుగాక! మన కళ్ళను, మన గోడలమీది కళ్ళను పాపం నుంచి కాపాడుగాక! మన లోపాలను ఇహపరాలలో కప్పి ఉంచుగాక! ఆమీన్.